మటన్ సూపు సాక్ష్యం

మా అన్న పోలీస్ స్టేషన్‌లో రైటర్‌గా చేసి రిటైరయ్యాడు. ఎఫ్.ఐ.ఆర్.లు, పంచనామాలు, కేస్ డైరీలు రాసీ రాసీ ఆయన మధ్యవేలికి కాయ కట్టింది. మా అమ్మాయి వెబ్ సిరీస్‌లకు కథలు రాస్తుంది. సైదాబాద్ వినయ్‌నగర్ కాలనీలో అన్న ఇంటి వరండాలో మొన్న ఆదివారం ఇద్దరికీ పడింది. ఇద్దరి బతుకుతెరువూ చావుల మీద రాయడమే కాబట్టి ఎవరూ తగ్గలేదు. మధ్యలో కూర్చున్న నేను చాయ్ తాగుతూ రాసుకున్నాను. ఎవరి వైపు మాట్లాడినా ఇంకో ఇంట్లో నాకు అన్నం పుట్టదు.

బిడ్డ: కథ చెప్తా విను పెద్దనాన్నా. ఐ.ఎస్. సదన్ దగ్గర ఒక పాత అపార్ట్‌మెంట్. లిఫ్ట్ పని చెయ్యదు. ఒక రోజు పొద్దున అసోసియేషన్ సెక్రటరీ వాటర్ ట్యాంక్ పక్కన చచ్చిపడి ఉంటాడు. మెయింటెనెన్స్ ఎగ్గొట్టిన వాళ్లు ముగ్గురున్నారు. అనుమానం ముందు వాళ్ల మీదికే వస్తది. అందుకని ఎవరు చంపారో వాళ్లే కనుక్కునే పనిలో పడతారు.

అన్న: నవ్వాల్నా, ఏడ్వాల్నా?

బిడ్డ: రెండూ.

అన్న: మనిషి సచ్చిండంటే ఆ ఇంట్ల పొయ్యి వెలగది. దాంట్ల నీకు నవ్వు ఏడికెల్లి దొరికింది?

బిడ్డ: చావు ఇంట్లోనే దొరుకుతది. తాత పోయినప్పుడు ఐస్ బాక్స్ ఆయన అడ్వాన్స్ అడిగితే, మీరు నలుగురు అన్నదమ్ములు ఒకరి జేబు దిక్కు ఒకరు చూశారని అమ్మ ఇప్పటికీ చెప్తది.

(ఆ నలుగురిలో నేనూ ఉన్నాను. చివరికి డబ్బులు మా బావ ఇచ్చాడు.)

బిడ్డ: మన దగ్గర శవం ముందు డప్పు కొట్టి ఎగురుతరు కదా. శంకేశ్వర్ బజార్ రోడ్డు మీద తీన్‌మార్ వినబడితే అది పెళ్లో చావో బాల్కనీలోకి వచ్చి చూస్తే గానీ తెల్వదు. అట్లాంటి ఊళ్లో ఉండి చావులో నవ్వేందని నువ్వు అడుగుతున్నవ్.

అన్న: ఆ డప్పు నిండా బతికి పోయినోళ్లకు. మనుమలు, మునిమనుమలు ఎత్తుకునేటోళ్లకు. గొంతు పిసికితే పోయినోనికి డప్పు కొట్టరు బిడ్డా. ఖూనీ అయిన ఇంట్ల చప్పుడే వేరే ఉంటది, నేను విన్న.

బిడ్డ: సరే, ఖూనీ గురించే మాట్లాడుదాం. ‘మత్తు వదలరా’ చూసినవా? రితేష్ రానా తీసిండు, 2019 క్రిస్మస్‌కి వచ్చింది. అందులో హీరో డెలివరీ బాయ్. జీతం చాలదు. కస్టమర్ ఇచ్చిన క్యాష్‌లోంచి ఒక నోటు మాయం చేసి, ‘మేడమ్, తక్కువుంది, మళ్ల లెక్కపెట్టండి’ అంటే సరిపోతదని రూమ్‌మేట్ నేర్పిస్తడు. దానికి వాళ్లు ‘తస్కరించుట’ అని గ్రాంథికంలో పేరు కూడా పెట్టుకుంటరు. వీడు మొదటిసారి ఆ పని చెయ్యబోయిన ఇంట్లో ముసలమ్మ పట్టుకుంటది, పెనుగులాటలో కింద పడి కదలకుండా అయిపోతది. ఇగ అక్కడినుంచి వీడి తిప్పలు. ఒక్క నోటు కోసం పోయినోడు ఖూనీ కేసులో ఇరుక్కుంటడు. నడుమ నడుమ టీవీలో ‘ఓరి నా కొడకా’ అని ఒక ఉత్తుత్తి సీరియల్, మన సీరియళ్ల సాగతీతను వెక్కిరిస్తూ. హాలంతా పడీ పడీ నవ్వింది. ముసలమ్మను చూసి ఒక్కరు నవ్వలే. నోటు కక్కుర్తి, ఆ కంగారు, వాటిని చూసి నవ్విన్రు. అది మన కక్కుర్తే కదా.

అన్న: సినిమా శవానికి వాసన రాదు. అందుకే నవ్వొస్తది. బేవారస్ శవం దగ్గర పంచనామా రాయాలంటే ఊదుబత్తి కట్ట మొత్తం ఒక్కసారే ముట్టించి పెడ్తుంటిమి. ఆ పొగల కండ్లు మండుతుంటే కార్బన్ పేపర్లు సదురుకుని రాయాలె. ‘శవము తల తూర్పు వైపు, కాళ్లు పడమర వైపు, వెల్లకిలా పడి ఉన్నది. వయసు సుమారు నలభై. చామనఛాయ. నోరు సగము తెరిచి ఉన్నది.’ దీని మీద జోకెయ్యి జూద్దాం.

బిడ్డ: బేవారస్ శవం మీదే ఒక సినిమా వచ్చింది. అదీ 2019లోనే. ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’. నెల్లూరులో ఒకడు డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకుని ఎఫ్.బి.ఐ. అని బోర్డు కట్టుకుంటడు. ఫాతిమా బ్యూరో ఆఫ్ ఇన్వెస్టిగేషన్. నవీన్ పొలిశెట్టి. సగం సినిమా దాకా వాడి బిల్డప్ చూసి నవ్వుతూనే ఉంటం. వాడి దగ్గరికొచ్చే అసలు కేసు రైలు పట్టాల పక్కన దొరికే గుర్తు తెలియని శవాలు. వాటి గురించి పేపర్లో మూడు లైన్లు వస్తయ్, రేపటికి ఆ పేపర్లో మిర్చి బజ్జీలు కడతరు. స్వరూప్ ఆర్.ఎస్.జె. జనాన్ని నవ్వించి కూర్చోబెట్టి, ఆ మూడు లైన్ల గురించి రెండు గంటలు ఆలోచించేట్టు చేసిండు. నువ్వు ఊదుబత్తి పొగలో రాసిన కాగితం ఎంతమంది చదివిన్రు?

(అన్న దీనికి జవాబు చెప్పలేదు. కప్పు కింద పెట్టి దారి మార్చాడు. స్టేషన్‌లో ఎదుటివాళ్లను కాచుకుని కాచుకుని అబ్బిన విద్య.)

అన్న: మేం జదివింది యుగంధర్‌ను. కొమ్మూరి సాంబశివరావు రాసిండు. మద్రాసుల డిటెక్టివ్, ఎంబడి అసిస్టెంట్ రాజు. అద్దె పుస్తకం రాత్రికి రాత్రి ఖతం జెయ్యాలె, తెల్లారితే ఇంకో రోజు కిరాయి పడ్తుండె. ఆ పుస్తకాలల్ల ఖూనీని పట్టుకునేటందుకు వేరే ఒక మనిషి ఉండె. చదువు, తెలివి, ధైర్యం ఉన్నోడు. పక్కింటోడు పక్కింట్లనే ఉండె. నీ కథల డెలివరీ పోరడు, అప్పడాలమ్మే ఆంటీ, వాచ్‌మన్, అందరూ డిటెక్టివ్‌లే. గిట్ల యాడన్న ఉంటదా?

బిడ్డ: డిటెక్టివ్‌ను చూసి నవ్వొచ్చని మనకు చూపించింది జంధ్యాల. ‘చంటబ్బాయ్’, 1986. మల్లాది వెంకటకృష్ణమూర్తి నవల. చిరంజీవి అంత హీరోను తీసుకొచ్చి, చేతగాని డిటెక్టివ్ పాండురంగారావును చేసిండు. ఆ తర్వాత వచ్చినవాళ్లు ఇంకో అడుగేసిన్రు. డిటెక్టివ్‌నే పక్కకు పెట్టిన్రు. ఇప్పుడు అందరి ఇండ్లల్లో ఏం జరుగుతుందో తెలిసేది ఎవరికి? పాల ప్యాకెట్ వేసేటాయనకు, పనిమనిషికి, కేబుల్ పిల్లగానికి. యుగంధర్‌కు మన అపార్ట్‌మెంట్‌లో ఏ ఫ్లాట్ వాళ్లు ఏ రోజు ఉల్లిగడ్డ తినరో తెల్వదు.

అన్న: ఆగు. ఇగో, ఈడ నేను నీకు ఒకటి చెప్పాలె. సామాన్యుణ్ని శవం పక్కన నిలబెట్టింది మీ సినిమాలు కాదు, చట్టం. సి.ఆర్.పి.సి. 174. 2024 జూలై ఒకటికెల్లి అది బి.ఎన్.ఎస్.ఎస్. 194 అయ్యింది, నంబరు మారింది గని పని అదే. అనుమానాస్పదంగ మనిషి సచ్చిండంటే పోలీసాయన ఒక్కడే పోయి చూసి రాసుకొస్తనంటే చెల్లది. ఆ చుట్టుపక్కల ఉండే ఇద్దరు మర్యాదస్తులు, అంతకంటె ఎక్కువున్నా సరే, ఆడ ఉండాలె. వాళ్ల ముందట్నే గాయాలు చూడాలె, దేనితోని అయినయో, సావు ఎట్లొచ్చినట్టు కనబడ్తుందో రాయాలె. ఆఖరికి ‘చదివి వినిపించగా సరియని ఒప్పుకొని సంతకములు చేసినారము’.

బిడ్డ: అంటే సంతకం పెట్టే డిటెక్టివ్‌లు.

అన్న: సంతకం పెట్టి పారిపోయేటోళ్లు. నీకు ఎర్క లేదు గని, గల్లీల శవం పడితే రెండొందల మంది మూగుతరు. మేడల మీద ఆడోళ్లు, గోడల మీద పిల్లలు. ‘ఇద్దరు పంచులు ముందుకు రాండ్రి’ అని ఒక్క మాటను. మంత్రం ఏసినట్టు గల్లీ ఖాళీ. ఒకనికి డ్యూటీ, ఒకనికి షుగర్, ఒకనికి అప్పుడే చుట్టాలొస్తరు. ఒకసారి గిట్లనే అందరు పోయిన్రు, ఇస్త్రీ బండాయన ఒక్కడే మిగిలిండు. ఎందుకో తెల్సా? ఇస్త్రీ పెట్టెల బొగ్గులు అంటుకుని ఉన్నయ్. ఇడిచిపెట్టి పోతే బట్టలు కాల్తయ్.

బిడ్డ: పెద్దనాన్నా, ఇది రాసుకుంటున్నా.

అన్న: రాసుకోకు, విను. స్టేషన్ పేరు అడగకు, గల్లీ పేరు అడగకు. సచ్చినాయన ఆ గల్లీ ఆయన్నే. ఇంటోళ్లు ఏమన్నరంటే, రాత్రి మెట్ల మీదికెల్లి జారి పడ్డడు, పొద్దుగాల చూసినం అన్నరు. నేను రాస్తున్న. అంగీ తెలుపు, ఫుల్ చేతులు. ఇస్త్రీ ఆయన వంగి చూసి, ‘సాబ్, ఈ అంగీ గీయనది కాదు’ అన్నడు. ఎట్ల చెప్తవ్ అంటే, కాలర్ లోపల ధోబీ గుర్తు చూపించిండు. నల్ల సిరాతోని మూడు చుక్కలు, కింద అడ్డగీత. ‘ఈ గుర్తు నాది కాదు సాబ్, ఈ ఇంటి బట్టలు యేండ్ల సంది నేనే చేస్తున్న, వాళ్ల గుర్తు వేరే’ అన్నడు. అంగీ ఎవరో మార్చిన్రన్నట్టు. ముందటి అంగీ యాడ పోయింది, దాని మీద ఏమున్నది? సి.ఐ. సాబ్ మొకం మారిపోయింది. అదే మాట పట్టుకుని ఇల్లంతా సోదా చేస్తే, నీళ్లు కాగబెట్టే పొయ్యిల సగం కాలిన అంగీ దొరికింది.

బిడ్డ: ఇస్త్రీ బండాయన కేసు తేల్చిండు! నేను పొద్దటి నుంచి చెప్తున్నది ఇదే కదా!

అన్న: నేను చెప్పేది ఇంక అయిపోలే. కేసు కోర్టుకొచ్చేవరకు యేండ్లు పట్టింది. ఇస్త్రీ ఆయనకు సమన్లు పోయినయ్. బోనెక్కి, ‘ఆ దినం నేను ఊర్ల లేను, పోలీసోళ్లు తెల్లకాయితం మీద సంతకం తీసుకున్నరు’ అన్నడు. హోస్టైల్. పి.పి. అడుగుతనే ఉన్నడు, ఈయన నేల చూపులు చూస్తనే ఉన్నడు. బయట చెట్టు కింద నేను పట్టుకుని అడిగిన. ఏమన్నడో తెల్సా? ‘సాబ్, నా బండి ఆ ఇంటి గోడకు ఆనిచ్చి ఉన్నది.’

(అన్న ఈ మాట చెప్పి చాలాసేపు ఊరుకున్నాడు. అమ్మాయి పెన్ను తీసింది గానీ రాయలేదు.)

అన్న: మీ సినిమాల గుట్టు బయటపడంగనే లైట్లు ఏస్తరు, జనం లేచి పోతరు. మాకు కేసు ఆడ మొదలైతది. గుట్టు తెల్సుకునుడు ఎంత పని? గల్లీల అందరికీ అన్నీ తెల్సు. తెల్సింది తెల్సిందని బోనెక్కి చెప్పి, మల్ల అదే గోడ పక్కన బతకాలె. దాని మీద ఎవడు తీసిండు చెప్పు.

బిడ్డ: కుందన్ షా తీసిండు. ‘జానే భీ దో యారో’, 1983. ఇద్దరు ఫొటోగ్రాఫర్లు, ఫొటో స్టూడియో పెట్టుకున్న పేదవాళ్లు. పార్కులో తీసిన ఫొటోను పెద్దగా చేసి చూస్తే ఖూనీ కనిపిస్తది. బిల్డర్లు, మున్సిపల్ కమిషనర్లు, పత్రిక ఎడిటర్, అందరి గుట్టూ వీళ్లకు దొరుకుతది. శవాన్ని వెంటేసుకుని తిరుగుతరు, చివరికి అది మహాభారతం నాటకం స్టేజీ మీద ద్రౌపది అయితది. కడుపు పట్టుకుని నవ్వుతం. చివర్లో జైలుకు పోయేది ఎవరు? ఆ ఇద్దరే. గుట్టు ఉన్నవాళ్లంతా బయట చేతులు కలుపుకుంటరు. నీ ఇస్త్రీ ఆయన కథ కూడా అదే పెద్దనాన్నా, శవం వేరు అంతే. నవ్వించడం ఆపితే ఆ ముగింపు ఎవరూ చూడరు, లేచి పోతరు.

అన్న: ఊఁ. అది చూస్త.

(నా లెక్క ప్రకారం ఆ రోజు అన్న ఇచ్చిన ఏకైక పాయింటు ఇది.)

బిడ్డ: ఇంకోటి. నీ ఇస్త్రీ పెట్టె లాంటిదే, పేపర్లో వచ్చింది. నాగర్‌కర్నూల్, 2017 డిసెంబర్. నీకు గుర్తుండాలె.

అన్న: మటన్ సూపు కేసు. దేశమంత నవ్విన్రు.

బిడ్డ: పోలీసులు చెప్పింది ఇది. భార్య, ఆమె ప్రియుడు కలిసి భర్తను చంపిన్రు. తర్వాత ప్రియుని మొకం కాల్చి, ఎవరో దాడి చేసిన్రని చెప్పి, భర్త అతనే అని హైదరాబాద్ ఆస్పత్రిలో చేర్పించిన్రు. సర్జరీ అయితే మొకం ఎట్లైనా మారుతది, ఇగ జీవితమంతా భర్త లెక్క బతకొచ్చు. ఇంటోళ్లు కూడా నమ్మిన్రు. కట్ల వెనక ఉన్నది తమ మనిషే అనుకుని కూర్చున్నరు. కోలుకోవాలని మటన్ సూపు ఇస్తే, నేను మాంసం తినను అన్నడట. అసలు మనిషికి నీచు లేంది ముద్ద దిగదు. ఆడ తేడా కొట్టింది వాళ్లకు. యుగంధర్ ఎవరూ లేరు, కుక్కలు రాలే, క్లూస్ టీమ్ రాలే. గిన్నెలో సూపు.

అన్న: సూపు సాక్ష్యం కాదు బిడ్డా. సూపు అనుమానం. కోర్టుల నిలబడేది వేలిముద్ర. ఆధార్‌ల ఉన్న భర్త వేలిముద్రతోని పడుకున్నాయన వేలిముద్ర కలవలే. అప్పుడు కేసు.

బిడ్డ: వేలిముద్ర తీసి చూడాలని ఎందుకు అనిపించింది? సూపు తాగనందుకు. మొకం మార్చేటోళ్లు నాలుకను మరిచిపోయిన్రు.

అన్న: దానికి దారి చూపించింది ఎవరు? మీ సినిమోళ్లే. ‘ఎవడు’ సినిమా చూసి ఆ ఆలోచన చేసిన్రని అప్పుడు పేపర్లన్నిట్ల రాసిన్రు. 2014ల వచ్చింది. అల్లు అర్జున్ మొకం పోయి రామ్‌చరణ్ మొకం వస్తది. చూసి చప్పట్లు కొట్టినం. నువ్వు రేపు నీ వాటర్ ట్యాంక్ కథ రాస్తే ఎవడో ఒకడు అది నేర్చుకుంటడు.

బిడ్డ: ఆ సినిమాలో ఎవరూ సూపు తేలేదు. నేను రాస్తే తెస్తా. నేర్చుకునేటోడు అది కూడా నేర్చుకోవాలె.

అన్న: మంచిగ మాట్లాడుతవ్. గని ఒక్కటి ఆలోచించు. ఆ సూపు ఇంటోళ్లే కాచిన్రనుకో. తన మనిషి బతకాలని బొక్కలు తెచ్చి, అల్లం దంచి, మిర్యాలు ఏసి, డబ్బాల పోసి బస్సెక్కి తెచ్చి ఉంటరు. అప్పటికే ఆ మనిషి లేడు. నువ్వు చెప్పంగ నేను కూడ నవ్విన. తర్వాత ఆ డబ్బా యాదికొస్తది. రాత్రి నిద్ర పట్టది.

బిడ్డ: అదే కావాలె పెద్దనాన్నా. ముందు నవ్వాలె, తర్వాత ఆ డబ్బా యాదికి రావాలె. ముందే డబ్బా చూపిస్తే చానెల్ మారుస్తరు.

అన్న: అయితే ఇంకోటి అడుగుత, జవాబు చెప్పు. సింగరేణి కాలనీ ఇక్కడికి ఎంత దూరం? నడిచి పోవచ్చు. 2021 సెప్టెంబర్. ఆరేండ్ల పాప ఖూనీ. పక్కింటోడే చేసిండని పోలీసులన్నరు. ఆ రాత్రి వెతికింది సామాన్యులే, బస్తీ వాళ్లే. నువ్వన్న నవ్వు ఆడ యాడుంది?

బిడ్డ: లేదు. దాని మీద కామెడీ రాయను. రాస్తానన్న వాళ్లతో పని చెయ్యను.

అన్న: ఎందుకు? అదీ ఖూనీయే. అక్కడా పక్కింటోళ్లే బయటపెట్టిన్రు.

బిడ్డ: అక్కడ దాచుకోవడానికి మనకెవరికీ ఏమీ లేదు, నవ్వడానికి ఏం ఉంటది? నేను నవ్వేది గుట్టును కాపాడుకునేటోళ్ల తిప్పలు చూసి. మెయింటెనెన్స్ ఎగ్గొట్టినోడు, నోటు దాచినోడు, కట్ల వెనక పడుకుని శాకాహారినని నోరు జారినోడు. ఆ పాప ఏ గుట్టు దాచింది?

అన్న: మరి నీ సెక్రటరీకి పెండ్లాం పిల్లలు లేరా? వాళ్లేం గుట్టు దాచిన్రు?

(ఇక్కడ అమ్మాయి తడబడింది. నన్నడిగితే నవ్వొచ్చే చావుకీ నవ్వకూడని చావుకీ మధ్య గీత తను చెప్పినంత తిన్నగా ఉండదు. హిచ్‌కాక్ 1955లో ‘ది ట్రబుల్ విత్ హ్యారీ’ తీశాడు. ఊళ్లో ఒక శవం దొరుకుతుంది. నేనే చంపానేమోనని ముగ్గురు నలుగురికి అనుమానం. పాతిపెడతారు, తవ్వుతారు, మళ్లీ పాతిపెడతారు. హాయిగా నవ్వుకోవచ్చు, ఎందుకంటే ఆ హ్యారీ కోసం ఏడ్చేవాళ్లు సినిమాలో ఒక్కరూ లేరు. అతని భార్యతో సహా. మన దగ్గర అలాంటి శవాన్ని రాయడం కష్టం. ఎంత దుర్మార్గుడు పోయినా పక్కవీధి మేనత్త ఒకామె గుండెలు బాదుకుంటూ వచ్చేస్తుంది. తెలుగులో ఈ రకం కథ రాసేవాళ్లకు ఆ మేనత్తను ఎక్కడ కూర్చోబెట్టాలన్నదే అసలు చిక్కు.)

బిడ్డ: సెక్రటరీకి భార్య ఉంది. అన్నీ తెలిసింది ఆమెకే. ముగ్గురు మొత్తుకుని వెతికే సంగతులన్నీ ఆమె మెయింటెనెన్స్ రిజిస్టర్ వెనక పేజీలో రాసిపెట్టుకుని ఉంటది. ఆమెను మాత్రం ఎవరూ అడగరు. చావు ఇల్లు కదా, ఇబ్బంది పెట్టొద్దని.

అన్న: …ఇది బాగుంది.

బిడ్డ: చూసినవా!

అన్న: బాగుంది అన్న, ఒప్పుకున్న అనలే. ఆమె ఎప్పుడు చెప్తది?

బిడ్డ: ఆఖరి ఎపిసోడ్‌లో.

అన్న: ఆఖరున చెప్పదు. చెప్తే ఆ ఫ్లాట్ల ఉండాల్సింది ఆమెనే. మీద నీళ్లు ఇడిచేటోళ్లు, కింద గేటు తీసేటోళ్లు వాళ్లే కదా. చెప్పకుండనే చూపెట్టాలె. మా ఇస్త్రీ ఆయన కూడ, హోస్టైల్ అయినంక, కోర్టు బయట నాకు కాలర్ మీది చుక్కలు నేల మీద పుల్లతోని గీసి చూపించిండు. మూడు చుక్కలు, అడ్డగీత. మల్ల కాలితోని తుడిచేసిండు.

బిడ్డ: ఇది నాకు ఇచ్చెయ్ పెద్దనాన్నా.

అన్న: ఇయ్య. నీ దాంట్ల శవ పంచనామా సీను ఉందా?

బిడ్డ: ఉంది. మొదటి ఎపిసోడ్‌లోనే. ఎస్.ఐ. వచ్చి వాటర్ ట్యాంక్ దగ్గర నిలబడి…

అన్న: ఎస్.ఐ. రాయడు. రాసేది రైటరే. ఎస్.ఐ. చెప్తడు, నిలబడి ఫోన్ల మాట్లాడుతడు. రైటర్‌కు కూసునేటందుకు కుర్చీ ఎవరో తేవాలె. ఏ ఫ్లాట్ కెల్లి తెచ్చిన్రో రాయి, ఎవరు ముందుగాల తెచ్చిన్రో దానితోనే సగం తెలుస్తది. సోదా ఉంటే ఇప్పుడు ఫోన్ల వీడియో తియ్యాలె, బి.ఎన్.ఎస్.ఎస్. 105. ఆ వీడియోల అందరు క్రాపు దువ్వుకుని నిలబడ్తరు, ఆడోళ్లు చీర కొంగు సర్దుకుంటరు. పంచులను ఎవరిని పెట్టినవ్?

బిడ్డ: ఆ ముగ్గురిలో ఇద్దరిని. తప్పించుకోలేక ఇరుక్కుంటరు. ఖూనీ కేసులో అనుమానం ఉన్నోళ్లే పంచనామా మీద సంతకం పెడతరు.

అన్న: అట్ల జరగదని అంటననుకున్నవ్ కదా? జరుగుతది. ఒకడు చదవకుండ పెడ్తడు. ఇంకొకడు మొత్తం చదువుతడు, నాలుగోసారి చదువుతడు, ‘సార్, నా డోర్ నంబరు తప్పు పడింది’ అంటడు. ఆణ్ని అనుమానించు.

బిడ్డ: ఎందుకు?

అన్న: అంతసేపు శవం పక్కన నిలబడి కాయితం చదివేటోడు దేనికి భయపడ్తలేడు చూడు.

బిడ్డ: చాయ్ సీను కూడా పెట్టిన. పంచనామా అయ్యేదాకా అందరికీ చాయ్ తెప్పిస్తరు, ఆ చాయ్ కూడా మెయింటెనెన్స్ లెక్కలోనే రాస్తరు.

అన్న: తప్పు. అసోసియేషన్ ఇయ్యది.

బిడ్డ: మరి చాయ్ పైసలు ఎవరిస్తరు?

అన్న: సచ్చినోని ఇంటోళ్లే ఇస్తరు. బిస్కెట్లవి కూడ.